32 జీబీ కార్డులో ఇంటి పాటలన్నీ పట్టించడం ఎలా? ఫ్లాక్ నుంచి ఎంపీ3కి మార్చేవారు సలహా చెప్పండి

నాగావళి, రాయగడ:

అందరికీ నమస్కారం. ఇల్లు రాయగడ, ఉద్యోగం కొరాపుట్‌లో, రక్తపరీక్షల ల్యాబులో. వారాంతంలో రైలులో ఇంటికి వస్తాను. ఆ దారి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. సొరంగం, వంతెన, అడవి, మళ్లీ సొరంగం. ఫోనులో పాట పెట్టుకుంటే పల్లవి ఒక స్టేషనులో, చరణం ఇంకో స్టేషనులో వినాలి. ఫోనులోకి దింపుకోవచ్చు కదా అని మా తమ్ముడు అంటాడు. ఫోను నిండా పిల్లల ఫోటోలే. పైగా మంచి ఆలాపన వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోను చేస్తారు. అందుకని పాటలకు మాత్రమే పనికివచ్చే చిన్న ప్లేయరు కొన్నాను. బొత్తాలున్నది, రెండంగుళాల తెర. మెమరీ కార్డు 32 జీబీ వరకే తీసుకుంటుందని, ఎంపీ3, డబ్ల్యూఎంఏ, వేవ్ ఫైళ్లు చదువుతుందని డబ్బా మీద ఉంది.

ఇక పాటల సంగతి. కంప్యూటరులో 80 జీబీకి పైనే ఉన్నాయి. అందులో 70 జీబీ దాకా తమ్ముడు సీడీల నుంచి ఎక్కించిన ఫ్లాక్ ఫైళ్లు, అంటే సీడీ శబ్దాన్ని ఏమీ పోగొట్టకుండా దాచినవి. నాన్నగారు ఎప్పటినుంచో పోగుచేసిన ఎంపీ3లు, కొన్ని డబ్ల్యూఎంఏలు కలిపి 11 జీబీ. ఎం4ఏ అని కొన్ని ఉన్నాయి, అవి ఎక్కడివో ఎవరికీ గుర్తులేదు. మా పెదనాన్నగారు శ్రీరామనవమి పందిట్లో చెప్పిన హరికథ ఒకటుంది, 3 గంటలు, ఒకే వేవ్ ఫైలు. అమ్మమ్మ పాడిన మంగళహారతులు, తలుపు దగ్గరి పాటలు పిన్ని వాట్సాప్‌లో పంపినవి ఉన్నాయి. ఒడియా జణాణాలు (భక్తిగీతాలు) కూడా చాలా ఉన్నాయి, మా ఇంట్లో రెండు భాషలూ వింటాం.

పరీక్షగా కొన్ని కార్డులో వేసి చూశాను. ఎంపీ3లు మోగాయి. ఫ్లాక్ ఫైళ్లు ప్లేయరుకు కనబడనే లేదు. వాట్సాప్ పాటలూ అంతే. తెలుగులో, ఒడియాలో పేర్లున్న ఫైళ్లన్నీ చదరపు గళ్లుగా వచ్చాయి. ఏ గడి వెనుక ఏ పాట ఉందో నొక్కి చూడాల్సిందే.

ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే అన్నిటినీ 320 కేబీపీఎస్‌కి (సెకనుకు 320 కిలోబిట్లు) మార్చి ఇస్తాం, పాత ఎంపీ3లు కూడా సీడీలా మోగుతాయి అన్నారు. అది నిజమేనా? మారిస్తే అన్నీ కార్డులో పడతాయా? నేనే చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేరు మంచిది? కంప్యూటరులో విండోస్ ఉంది.

కొలాబ్ గాలి, జయపురం:

అక్కా, ఇంత ఆలోచన ఎందుకు? అన్నీ ఎంపీ3, 320. నేను మా బండిలో పెన్‌డ్రైవుకు అలాగే చేస్తాను. ఇంటర్నెట్‌లో ఫైలు ఎక్కిస్తే మార్చి ఇచ్చే సైట్లు చాలా ఉన్నాయి, సాఫ్ట్‌వేరు కూడా అక్కరలేదు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి, గళ్లు పోతాయి.

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

నాగావళి అమ్మా, క్యాసెట్ల కాలంలో నాది రికార్డింగ్ షాపు. ఇప్పుడదే గదిలో జిరాక్సు, పాన్ కార్డు ఫారాలు. పాటల పిచ్చి మాత్రం పోలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, విసుగు అనుకోవద్దు. జయపురం తమ్ముడు పేర్ల గురించి చెప్పింది సరైన మాట. మిగతా రెండూ వినవద్దు. 70 జీబీ ఫైళ్లను మన ఊళ్ల ఇంటర్నెట్ మీద ఎక్కించి దింపుకోవడం అయ్యే పని కాదు. అమ్మమ్మగారి పాటలు ఎవరిదో తెలియని సైటుకు అప్పగించవలసిన అవసరమూ లేదు.

ముందు దుకాణం మాట. 128లో ఉన్న ఎంపీ3ని 320కి మారిస్తే ఫైలు రెండున్నర రెట్లు లావవుతుంది, పాట మాత్రం ఇసుమంత కూడా బాగుపడదు. ఇంకా కొంచెం పాడవుతుంది. ఎంపీ3 చేసే పని ఏమిటంటే, చెవికి అంతగా పట్టవని లెక్కగట్టిన శబ్దాలను తీసి పారేయడం. పారేసినవి మళ్లీ రావు. పాతపట్నం నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. ఎవరి క్యాసెట్టు నుంచో ఎక్కించుకున్న క్యాసెట్టు తెచ్చి, ఖరీదైన క్రోమ్ క్యాసెట్టు ఇచ్చి, దీని మీద ఎక్కించండి, క్వాలిటీ పెరుగుతుంది అనేవారు. పెరిగేది నా బిల్లు ఒక్కటే. పాత గురగుర అలాగే ఉండేది, దానిమీద కొత్త గురగుర చేరేది. ఇదీ అదే వ్యవహారం. నమ్మకం కలగకపోతే స్పెక్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేరులో ఆ ఫైలు తెరిచి చూడండి. 128 ఎంపీ3లో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైభాగం నల్లగా ఉంటుంది. దాన్ని 320కి మార్చి మళ్లీ చూడండి, ఆ కోత అక్కడే ఉంటుంది.

కాబట్టి నాన్నగారి ఎంపీ3లు, డబ్ల్యూఎంఏలు ముట్టుకోవద్దు. ప్లేయరు వాటిని ఎలాగూ చదువుతోంది, ఉన్నవి ఉన్నట్టే కార్డులోకి. మార్చవలసినవి ఫ్లాక్, వేవ్, వాట్సాప్ ఫైళ్లు, ఆ ఊరూపేరూ లేని ఎం4ఏలు.

మీ కార్డు లెక్క చూద్దాం. 32 జీబీ అని రాసిన కార్డు కంప్యూటరులో పెడితే 29.8 చూపిస్తుంది. మోసం కాదు, తయారుచేసేవారు వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటరు 1024తో లెక్కిస్తుంది. సీడీలో శబ్దం సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ ఒక్క బిట్టు కూడా పోనివ్వకుండా దాన్ని దాదాపు సగానికో, మూడింట రెండు వంతులకో మడిచి పెడుతుంది. మీ ఫైళ్లు సగటున 900 అనుకుందాం. అన్నీ 320 ఎంపీ3 చేస్తే ఆ 70 జీబీ 25 అవుతుంది, నాన్నగారి 11 కలిపితే 36. పట్టదు. అదే లేమ్ అనే ఎన్‌కోడరులో (పాటను ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేరు) వీ2 అనే అమరికతో చేస్తే సగటున 190 కేబీపీఎస్ పడుతుంది. 70 జీబీ కాస్తా 15 అవుతుంది, నాన్నగారివీ మిగిలినవీ కలిపి 27 లోపే. అన్నీ పడతాయి, కొత్త పాటలకు కొంచెం చోటు కూడా మిగులుతుంది.

వీ2 అంటే స్థిరమైన బిట్‌రేటు కాదు. పాటలో రద్దీగా ఉన్న చోట ఎక్కువ బిట్లు, వీణ ఒక్కటే మోగుతున్న చోట తక్కువ బిట్లు ఖర్చు పెడుతుంది. ఒక 5 నిమిషాల పాట 7 ఎంబీ చుట్టూ వస్తుంది. రైలు పెట్టెలో, చక్రాల చప్పుడు మధ్య, చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోనుతో ఇంతకంటే ఏమీ అక్కరలేదు.

సాఫ్ట్‌వేరు విషయానికి వస్తే విండోస్‌లో ఫూబార్2000. ఉచితం. దాని సైటులోనే ఎన్‌కోడర్ల మూట విడిగా దొరుకుతుంది, అదీ వేసుకోండి, లేకపోతే ఎంపీ3 చేయబోయినప్పుడు ఎన్‌కోడరు ఎక్కడుందని అడుగుతుంది. ఫ్లాక్ ఫోల్డరును దానిలోకి లాగి, అన్నీ ఎంచుకుని, మౌసు కుడి బొత్తం నొక్కి, కన్వర్ట్‌లోకి వెళ్లండి. ఫార్మాటు ఎంపీ3, నాణ్యత వీ2. ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు మాత్రం అసలు ఫోల్డరు చూపించకండి. ప్లేయరు అనే పేరుతో కొత్త ఫోల్డరు పెట్టుకుని అది చూపించండి. అసలు ఫ్లాక్‌లు అలాగే ఉండాలి. రేపు ఇంకో ప్లేయరు కొంటారు, అది ఇంకో ఫార్మాటు అడుగుతుంది, అప్పుడు మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. చోటు కోసం ఫ్లాక్‌లు తుడిచేసి ఎంపీ3లు దాచుకునేవారిని చూశాను. వారికి నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

ఎం4ఏ అనేది పెట్టె పేరు మాత్రమే, లోపల ఏముందో చూడాలి. ఫూబార్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే కోడెక్ (పాటను పిండిన పద్ధతి) ఎదుట ఏఏసీ అనో ఏఎల్ఏసీ అనో ఉంటుంది. ఏఎల్ఏసీ అయితే అది ఆపిల్‌వారి ఫ్లాక్ లాంటిదే, ఏమీ పోగొట్టనిది, ధైర్యంగా వీ2 చేయండి. ఏఏసీ అయితే అది ఇప్పటికే పిండినది. ప్లేయరు చదవకపోతే మార్చక తప్పదు కానీ అప్పుడు వీ0 పెట్టండి, అది వీ2 కంటే ఎక్కువ బిట్లు వాడే అమరిక. రెండోసారి పిండేటప్పుడు కాస్త వదులుగా పిండాలి.

హరికథ గురించి రాయాలని ఇందాకటి నుంచి చేయి లాగుతోంది. 3 గంటల స్టీరియో వేవ్ అంటే 1.9 జీబీ ఉండాలి. పందిట్లో ఒకే మైకుతో తీసినదైతే రెండు చానెళ్లలోనూ ఉండేది ఒకటే శబ్దం. మోనో చేసి 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చండి, 86 ఎంబీకి దిగుతుంది. గాత్రం, చిడతలు, మృదంగం స్పష్టంగానే ఉంటాయి. చిడతల ఘల్లు పలచబడినట్టనిపిస్తే 96కి పెంచండి, 130 ఎంబీ అవుతుంది, అయినా మునిగిపోయేదేమీ లేదు. కానీ ఒకే ఫైలుగా ఉంచవద్దు. ఇలాంటి ప్లేయర్లలో చాలావాటికి ఎక్కడ ఆపామో గుర్తుండదు. మీరు టికిరి దగ్గర ఆపి దిగి టీ తాగి వచ్చేసరికి కథ మళ్లీ గణపతి ప్రార్థన నుంచి మొదలవుతుంది. ఎంపీ3 చేశాక ఎంపీ3 డైరెక్ట్ కట్ అనే సాఫ్ట్‌వేరుతో ఘట్టాల వారీగా ముక్కలు చేయండి. అది మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే కోస్తుంది, నాణ్యత తగ్గదు. అసలు వేవ్ ఫైలును మాత్రం ఇంకో హార్డు డిస్కులోకి ఇవాళే కాపీ చేయండి. సీడీ పాటలు పోతే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, పెదనాన్నగారి గొంతు దొరకదు.

అమ్మమ్మగారి పాటలు: వాట్సాప్‌లోనే నొక్కి పట్టుకుని రికార్డు చేసి పంపినవైతే అవి ఓపస్ ఫైళ్లు. ఓపస్ చాలా మంచి కోడెక్, తక్కువ బిట్లతో ఎక్కువ పని చేస్తుంది, కానీ 2012లో వచ్చిన దాన్ని ఇలాంటి చవక ప్లేయర్లు ఇప్పటికీ పట్టించుకోవు. ఫూబార్‌లోనే మోనో 96 ఎంపీ3 చేసుకోండి. పిన్నిగారి ఫోనులో మామూలు రికార్డరుతో తీసిన అసలు ఫైళ్లు ఉంటే అవి ఫైలుగా పంపమని అడగండి, వాటితో మొదలుపెడితే ఇంకా మేలు.

పేర్ల సంగతి. తెర మీద తెలుగు రావాలంటే ప్లేయరులో తెలుగు అక్షరాల ఫాంటు ఉండాలి. అది ఉంటే చాలదు, గుణింతాలూ ఒత్తులూ కలిపి పేర్చే తెలివి కూడా ఉండాలి. రెండంగుళాల ప్లేయరులో ఆ రెండూ ఉండవు. ఒడియాకూ అంతే. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తీసుకుని, ప్లేయరు ఫోల్డరులో ఉన్న కాపీలకు మాత్రమే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో మార్చండి. అసలు ఫైళ్లలో తెలుగు తెలుగుగానే ఉండనివ్వండి. ఆ సాఫ్ట్‌వేరు అమరికల్లో ట్యాగు (ఫైలు లోపల రాసి ఉండే పాట పేరు, వివరాలు) రకం ఐడీ3 వెర్షన్ 2.3 అని ఎంచుకోండి. 2.4 ఉంటే కొన్ని పాత ప్లేయర్లు ట్యాగునే చదవవు. నాన్నగారి పాత ఎంపీ3లలో పేర్ల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా కనిపిస్తే అవి యూనికోడ్ రాకముందు తెలుగు ఫాంట్లలో కొట్టినవి. వాటిని వింటూ చేత్తో మార్చుకోవడమే దారి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయన మొదటి మీటుకే చెబుతారు.

బరంపురం పట్టు:

షాపు గారూ, మీరంటే గౌరవమే కానీ వీ2 అంటే మనసొప్పడం లేదు. సీడీల నుంచి శ్రద్ధగా ఫ్లాక్ చేసినవాళ్లు చివరికి 190 కేబీపీఎస్ వినాలా? నేనైతే ఫ్లాక్ చదివే ప్లేయరు, 256 జీబీ కార్డు కొనుక్కోమంటాను. ఒడిస్సీ గాత్రంలో గమకం, మర్దళం మీద వేలి చివరి దెబ్బ, ఇవన్నీ ఎంపీ3లో మొద్దుబారిపోతాయి. నా చెవికి తెలుస్తుంది.

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

తెలిస్తే తెలియనివ్వండి, దెబ్బలాట లేదు. కానీ ఒక పని చేయండి. ఫూబార్‌కు ఏబీఎక్స్ అని ఒక అదనపు భాగం దొరుకుతుంది. మీకు ప్రాణమైన ఒడిస్సీ పాట ఫ్లాక్ ఒకటి, దాని నుంచే చేసిన వీ2 ఒకటి అందులో పెట్టండి. ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది, మీరు గుర్తుపట్టాలి. పదహారు సార్లు అడగమనండి. పన్నెండో పదమూడో సరిగ్గా చెబితే మీ చెవికి నా దండం, వీ0 వాడండి, ఫ్లాక్ వాడండి. ఎనిమిదీ తొమ్మిదీ వస్తే అది బొమ్మా బొరుసూ వేసినట్టే. తెర మీద ఫ్లాక్ అని కనిపిస్తున్నప్పుడు అందరి చెవులూ చురుగ్గానే ఉంటాయి.

అయినా ఈ అమ్మాయి అడిగింది చేతిలో ఉన్న ప్లేయరు గురించి. కొత్తది కొనమనడం ఆమె ప్రశ్నకు జవాబు కాదు కదా.

బరంపురం పట్టు:

చేశాను. గాత్రంలో తేడా పట్టుకోలేకపోయాను. కరతాళాలు ఉన్న ఒక భజనలో మాత్రం పట్టుకున్నాను, పదహారుకు పద్నాలుగు. కాబట్టి సగం నాది, సగం మీది.

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

కరతాళాలు, చిడతలు, చప్పట్లు, ఇవే ఎంపీ3కి గడ్డు. చటుక్కున మొదలయ్యే శబ్దానికి ముందు చిన్న మసక వస్తుంది. భజనలు మాత్రం వీ0 చేసుకోవచ్చు, న్యాయమే. సగటున 245 పడుతుంది. నాగావళి అమ్మ కూడా జణాణాల్లో గిని, కరతాళం ఉన్నవాటికి అలా చేసుకోవచ్చు.

వంశధార మాస్టారు, గుణుపురం:

ఎవరూ చెప్పని సంగతి ఒకటి. కార్డు ఎక్కడ కొన్నారు? సంతలో, బస్టాండులో దొరికే కార్డుల్లో కొన్ని 32 అని చూపించి లోపల 8 మాత్రమే ఉంటాయి. మొదట అన్నీ ఎక్కినట్టే ఉంటుంది. నిజంగా ఉన్న చోటు నిండాక వేసినవి మాయమవుతాయి, లేదా పాట మధ్యలో కీచుమంటుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని చిన్న సాఫ్ట్‌వేరు ఉంది, కార్డు మొత్తం రాసి మళ్లీ చదివి అసలు ఎంతుందో చెబుతుంది. గంట పైనే పట్టవచ్చు. పాటలన్నీ ఎక్కించే ముందే ఆ పరీక్ష చేయండి.

ఇంకొకటి, మీ ఇంట్లో పాడేవారు ఇంకా ఉంటే ఇకమీదట వాట్సాప్‌లో రికార్డు చేయవద్దనండి. మేము చుట్టుపక్కల ఊళ్లలో సవర పాటలు ఫోనులోనే తీస్తాం. రికార్డరు అమరికల్లో వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఎంచుకుని, ఫోనును విమానం గుర్తు మోడ్‌లో పెట్టి, గొంతుకు ఒక మూర దూరంలో బట్ట మీద పెడతాం. తర్వాత ఎంపీ3 ఎలాగూ చేసుకోవచ్చు. ముందే పిండినదాన్ని మళ్లీ విప్పడం కుదరదని షాపు గారు చెప్పనే చెప్పారు.

నాగావళి, రాయగడ:

అందరికీ కృతజ్ఞతలు. కార్డు మంచిదే, మాస్టారు చెప్పిన పరీక్షలో నెగ్గింది. ఫ్లాక్‌లన్నీ వీ2 అయ్యాయి, కంప్యూటరు రాత్రంతా పని చేసింది. మొత్తం 26 జీబీ వచ్చింది. నాన్నగారు పేర్లు చెబుతూ ఉంటే నేను కొట్టాను. ఒక్కో పాటకూ ఏ సంవత్సరం, ఏ హాలులో విన్నారో కూడా చెప్పారు కాబట్టి ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

ఇప్పుడు కొత్త తిప్పలు. ఒకటి, హరికథ ముక్కలు వరసగా రావడం లేదు. 1 తర్వాత 10, ఆ తర్వాత 7. సీతారాముల కల్యాణం కాకముందే అరణ్యవాసం అయిపోతోంది. రెండు, సీడీ పాటలకు చెవులు పగులుతున్నాయి, అవి తగ్గించుకుంటే అమ్మమ్మ పాట వినబడదు. మూడు, కొన్ని ఆల్బముల దగ్గర ప్లేయరు అలా నిలిచిపోతుంది, ఆపి మళ్లీ వెయ్యాలి. నాలుగు, వీ2 చేసినవాటిలో కొన్నిటికి నిడివి తప్పుగా చూపిస్తోంది. 5 నిమిషాల పాటకు 11 నిమిషాలు.

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

అన్నీ వింటుంటే మీ ప్లేయరు ముఖం కళ్ల ముందు కనిపిస్తోంది. ఒక్కొక్కటే చూద్దాం.

వరస తప్పడానికి కారణం కార్డులో ఉంది. 32 జీబీ కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది. అందులో ఫోల్డరు అంటే ఒక పట్టీ. ఫైళ్లు ఏ వరసలో కాపీ అయితే పట్టీలో ఆ వరసలో పేర్లు పడతాయి. కంప్యూటరు వాటిని అక్షరక్రమంలో పేర్చి చూపిస్తుంది. మీ ప్లేయరుకు అంత ఓపిక లేదు, పట్టీలో పైనుంచి కిందికి ఎలా ఉంటే అలా వాయిస్తుంది. మొదట పేర్లలో 1, 2 తీసి 01, 02 అని పెట్టండి, లేకపోతే అక్షరక్రమంలో కూడా 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది. తర్వాత విండోస్‌లో డ్రైవ్‌సార్ట్ అనే సాఫ్ట్‌వేరుతో కార్డులోని పట్టీనే వరసగా తిరగరాయించండి. లినక్స్ వాడేవారికి ఫ్యాట్‌సార్ట్ ఉంది. కొత్త పాటలు వేసినప్పుడల్లా చివర్లో మళ్లీ ఒకసారి నడపాలి, పాతవాటి వెనకే చేరతాయి కాబట్టి.

శబ్దం హెచ్చుతగ్గులకు ఎంపీ3గెయిన్. ఇది నాకు చాలా నచ్చిన సాఫ్ట్‌వేరు. ఎంపీ3 ఫైలులో ప్రతి చిన్న ముక్కకూ ఎంత గట్టిగా మోగాలో చెప్పే ఒక అంకె ఉంటుంది. ఇది పాటను విప్పి మళ్లీ పిండకుండా ఆ అంకెను మాత్రం మారుస్తుంది, ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్. నాణ్యత పోదు, వద్దనుకుంటే వెనక్కి తిప్పవచ్చు. 89 అని ముందే ఉంటుంది, అలాగే ఉంచండి. విడి పాటలకు ట్రాక్ గెయిన్. హరికథ ముక్కలకు మాత్రం ఆల్బమ్ గెయిన్. ట్రాక్ పెడితే దాసుగారు మెల్లగా కథ చెప్పే ముక్కనూ, గొంతెత్తి పద్యం పాడే ముక్కనూ ఒకే ఎత్తుకు తెచ్చేస్తుంది, కథ చప్పబడిపోతుంది. డబ్ల్యూఎంఏలకు ఇది పనిచేయదు, వాటిని ఉన్నట్టే భరించాలి.

ప్లేయరు నిలిచిపోవడం దాదాపుగా బొమ్మల వల్లే. తమ్ముడుగారు సీడీ అట్టను పెద్దగా స్కాన్ చేసి ఫైలులో పొదిగి ఉంటారు. ఎంపీ3ట్యాగ్‌లో ఆ ఆల్బమ్ తెరిచి బొమ్మ ఎన్ని ఎంబీ ఉందో చూడండి. ప్లేయరు కాపీల్లోంచి బొమ్మలు పూర్తిగా తీసేయవచ్చు, రెండంగుళాల తెర మీద అట్టబొమ్మ చూసేది ఎవరు? ఉండాలనుకుంటే 300 చుక్కలకు 300 చుక్కలు, మామూలు జేపెగ్. ప్రోగ్రెసివ్ జేపెగ్ అయితే ఇలాంటివి మింగలేవు.

నిడివి తప్పడం వీ2 వల్ల. బిట్‌రేటు మారుతూ ఉండే ఫైలులో మొదట్లోనే మొత్తం ఎన్ని ముక్కలున్నాయో రాసి ఉంటుంది, లేమ్ తనంతట తనే రాస్తుంది. మంచి ప్లేయరు అది చదువుకుంటుంది. మీది చదవకుండా మొదటి ముక్క బిట్‌రేటు చూసి మిగతా అంతా అంతే అనుకుని గుణించేస్తోంది. పాట నిశ్శబ్దంతో మొదలైతే మొదటి ముక్క చిన్నది, అందుకే నిడివి 11 నిమిషాలైంది. పాట మాత్రం పూర్తిగానే మోగుతుంది కదా? అయితే వదిలేయండి. ముందుకు జరపడం కూడా తప్పుగా జరిగితే, ఆ ఆల్బముల వరకు ఫ్లాక్ నుంచే మళ్లీ స్థిరమైన 192 చేయండి. సైజు దాదాపు అంతే ఉంటుంది. వీ2 ఎంపీ3ని 192 చేయకండి. ఫ్లాక్ నుంచి. ఇంకోసారి చెబుతున్నాను, ఫ్లాక్ నుంచి.

నాగావళి, రాయగడ:

వరస కుదిరింది, కల్యాణం తర్వాతే అరణ్యవాసం. బొమ్మలు తీసేశాను, నిలిచిపోవడం లేదు. ఒక్కో బొమ్మ 6 ఎంబీ ఉంది, పాటకు దాదాపు సమానంగా! నిడివిని అలాగే వదిలేశాను. ముందుకు జరపడం బాగానే ఉంది. అమ్మమ్మ పాటలకు ఎంపీ3గెయిన్ ఎరుపు రంగులో క్లిప్పింగ్ అని చూపిస్తోంది, ఫరవాలేదా?

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

పెంచినందువల్ల పాటలో గట్టి చోట్లు గరుకుగా మోగవచ్చని హెచ్చరిక అది. ఆ ఫోల్డరుకు మాత్రం ఎరుపు పోయేదాకా ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ రండి. మిగతా పాటల కంటే కొంచెం మెల్లగా ఉంటుంది, అమ్మమ్మగారి పాట వచ్చినప్పుడు ఒక బొత్తం నొక్కితే సరి.

కొలాబ్ గాలి, జయపురం:

మా బండి స్టీరియోలో కూడా పాటలు వరస తప్పి వస్తాయి. పెన్‌డ్రైవుకు కూడా ఈ డ్రైవ్‌సార్ట్ పనిచేస్తుందా?

పర్లాకిమిడి రికార్డింగ్ షాపు:

ఫ్యాట్32లో ఉంటే పనిచేస్తుంది తమ్ముడూ. పనిలో పనిగా ఆ 128 నుంచి చేసిన 320లు తీసేసి, అసలువి ఇంకా ఉంటే అవి వేసుకో. పెన్‌డ్రైవులో సగం చోటు మిగులుతుంది.